ఎలియాసెన్ దొర రైలు చరిత్ర

12 జనవరి 1976, ఖురం
ఆఫీసు పని చాలనట్టు ఇంకో టైపింగ్ అంటగట్టాడు మా ఇంజనీరు ఎలియాసెన్ దొర. నార్వేలో వాళ్ళ ఊరి మీదుగా పోయే చిన్న రైలు లైను చరిత్ర. వాళ్ళ తాత దానికి సర్వేయరట. రైలు పట్టా ముక్క కూడా లేని ఈ అరబ్బు దేశంలో కూర్చుని రైలు గురించి టైపు కొట్టాలి. నా తలరాత.

20 జనవరి
మొదటి అధ్యాయమంతా లైను ప్రారంభోత్సవమే. రాజుగారు, బ్యాండు, విందు. తవ్వినవాళ్ళ ఊసే లేదు. రోత.

30 జనవరి, శుక్రవారం
డ్రైవర్ ఖమరుద్దీన్ ట్రక్కులో ఖురియాత్ వైపు రోడ్డు సైటుకు వెళ్ళాను. మన కరీంనగర్ కూలీలు ఎండిన వాదీ మధ్యలోనే డేరాలు వేశారు. వాదీ అంటే మన వాగే. భూమయ్య మేస్త్రీ ఇసుకలో తవ్విన చెలిమె చూపించి మురిసిపోయాడు. మా ఊర్ల గూడ ఎండకాలం వాగులనే పండుకుంటం సారూ, సల్లగుంటది అన్నాడు. కూలీల్లో కుర్రాడు లచ్చన్న గ్లాసుతో ముంచి ఇచ్చాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

తిరిగొస్తుంటే ఖమరుద్దీన్ అసలు సంగతి చెప్పాడు. పక్క ఊళ్ళోని అరబ్బు ముసలాయన రోజూ వచ్చి లేచిపొమ్మంటున్నాడట. ఇక్కడ చినుకు పడకపోయినా, కొండల్లో వాన పడితే చాలు, నీళ్ళు గోడలా వస్తాయట. వీళ్ళకి అరబ్బీ రాదు. ఆయన చేతులూపితే కూర్చోబెట్టి చాయ్ పోస్తున్నారు.

31 జనవరి
దొరతో చెప్పాను. తెలుసన్నాడు! గట్టు మీద చదును చేయాలంటే రోడ్డు పనిలో ఉన్న బుల్డోజరు ఆపాలి, కల్వర్టు అయ్యాక చూద్దామన్నాడు. ఆ నోటితోనే మూడో అధ్యాయం చదివి వినిపించాడు. లైను వేసేటప్పుడు కూలీల బరాకు కొండవాలు కింద కట్టారట, చోటు చదునుగా ఉందని. రైతులు వద్దంటే వినలేదట. మంచు విరిగిపడి, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. అక్కడికొచ్చేసరికి దొర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. డేరాల సంగతి మళ్ళీ ఎత్తాను. ముందు టైపు చెయ్యమన్నాడు.

6 ఫిబ్రవరి
భూమయ్యకు గట్టిగా చెప్పాను. దొర చెప్పకుంట డేరాలు పీకితె కంపెనీ ఊకుంటదా సారూ అన్నాడు. అసలు వానేడుందని లచ్చన్న నవ్వాడు.

11 ఫిబ్రవరి
వాదీ వచ్చింది.

12 ఫిబ్రవరి
ఇక్కడ ఒక్క చినుకు లేదు. తెల్లవారుజామున నీళ్ళొచ్చాయి. అరుపులు విని గట్టెక్కినవాళ్ళు బతికారు. లచ్చన్న సాయంత్రానికి ఖర్జూరపు చెట్ల మధ్య దొరికాడు, డేరా తాడు మెడకు చుట్టుకుని. జాగ నేనే సూపిచ్చిన గద సారూ అని భూమయ్య ఒకటే ఏడుపు.

దొర రిపోర్టు చెప్పి రాయించాడు. ఎవరూ ఊహించలేని ప్రమాదంలో ఒక లేబర్ మృతి. అంతా తెలిసి, అదే కొట్టాను. ఛీ.

15 ఫిబ్రవరి
డేరాలు గట్టు మీదికి మార్చారు. ఒక్క పూట పట్టింది. బుల్డోజరు అక్కర్లేకపోయింది.

27 ఫిబ్రవరి
పుస్తకం అయిపోయింది. వాదీలో పోయినవాడికి అంకితమిస్తాడట. వాడి పేరేమిటని దొర నన్నడిగాడు.

తెలియదన్నాను.