వదిన నోటికి వారం సెలవు

వదినగారికి,

కింది వాటా నుంచి మీ మరదలు గుండె చిక్కబట్టుకుని రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టాలి గాని, క్షేమమో కాదో మీరు చెబితే తప్ప నాకు తెలిసేలా లేదు.

పొద్దున మీరు పాలు తీసుకుని మెట్లెక్కుతుంటే గుమ్మంలో నిలబడి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. జవాబు లేదు. రాత్రి నిద్ర పట్టిందా అన్నాను. లేదు. చివరికి నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్నాను. మీరు పెదవుల మీద వేలు పెట్టుకుని, ఒక నవ్వు నవ్వి పైకి వెళ్ళిపోయారు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయం వేసింది. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి వాళ్ళ అత్తగారి ఆపరేషన్ దాకా ఆరా తీసే మనిషి మీరు. అలాంటి మీరు నోరు విప్పకపోతే నేనేమనుకోవాలి?

మీ తమ్ముడికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మోగేవి మన రెండు గొంతులే. ఆయన చూపు ఎటు తిరిగితే అటు చూసి, ఆయనకు కావలసింది నేనో మీరో ముందే చెప్పేస్తున్నాం కాబట్టి రోజు గడుస్తోంది. క్లినిక్‌లో మాటలు నేర్పే టీచరమ్మ, మాట తప్పకుండా తిరిగొస్తుందనే అంటోంది. కానీ ఆవిడ వచ్చేదే నెలకోసారి. ఆవిడకంటూ ఒక గదైనా లేదు. వరండాలో బల్ల మీద, వచ్చేపోయేవాళ్ళ మధ్య కూర్చోబెట్టి నోరు తెరవమంటే మీ తమ్ముడు సిగ్గుతో తల దించేసుకుంటున్నారు. ఇప్పుడు మీ గొంతు కూడా పోతే నేనెవరితో చెప్పుకోను?

పన్ను నొప్పా? గొంతు వాపా? మీ కిటికీ తెర రంగు బాగోలేదని నేను టైలర్‌తో అన్నది మీ చెవిన పడిందా? అది బాగానే ఉంది. ఎండలో చూస్తే ఇంకా బాగుంది.

నా రాత కోడి గీకినట్టు ఉంటుందని తెలుసు. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఇట్లు,
కాళ్ళూ చేతులూ ఆడని మీ మరదలు

తా.క.: మీక్కూడా మీ తమ్ముడికి వచ్చినట్టే వచ్చి ఉంటే పళ్ళెం రెండుసార్లు మోగించండి. నా మీద కోపమైతే ఒకసారి. ఏమీ లేకపోతే మోగించకండి. అసలు మోగించకపోతే మాత్రం, మోగించే ఓపిక కూడా లేదేమో అనుకుంటాను.

*

మరదలికి దీవెనలు.

నాకు పన్ను నొప్పి లేదు. గొంతు వాపు లేదు. తెర సంగతి నాకు నీ ఉత్తరం వల్లే తెలిసింది.

జరిగింది ఇది. క్లినిక్ వెనకాల స్టోర్ రూము ఉంది కదా, దాన్ని బాగుచేయించి మాటల టీచరమ్మకు ఇద్దామని, ఆవిడ ప్రతివారం వచ్చే ఏర్పాటు చేద్దామని వీధి వాళ్ళంతా చందాలు పోగుచేస్తున్నారు. ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారని తలా ఒక పని ఒప్పుకున్నారు. టైలర్ ఆదివారమంతా కూర్చుని చిరుగులు కుడతానన్నాడు. నాకు అమ్మడానికి ఏమీ లేదు, నడవడానికి మోకాళ్ళు లేవు. నేనేం చేయనయ్యా అని మీటింగులో అడిగితే మందుల షాపాయన లేచి, “మీరు ఒక్క వారం మాట్లాడకుండా ఉంటే నేనిస్తానమ్మా,” అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నేను కూడా అంటే నేను కూడా అని అందరూ పేర్లిచ్చారు.

కాబట్టి వారం రోజులు నా నోటికి సెలవు. రాయడానికి అడ్డు లేదు, అదీ అడిగి తెలుసుకున్నాను. తమ్ముడు తలుపు వేసిన గదిలో, ఎవరూ చూడకుండా, టీచరమ్మ ఎదురుగా కూర్చుని మాటలు నేర్చుకోవాలి. అందుకోసం నేను వారమేమిటి, పక్షమైనా ఉండగలను. పక్షం అన్నానని ఎవరికీ చెప్పకు.

ఇట్లు,
నీ వదిన

తా.క.: పళ్ళెం నేను మోగించలేదు. కడుగుతుంటే చేయి జారింది, కింద పడి ఎగిరి మళ్ళీ పడింది. దానికి నువ్వు కబురు పెట్టావని మందుల షాపాయన బి.పి. మిషన్ పట్టుకుని ఒగర్చుకుంటూ పైకొచ్చాడు. నా బి.పి. బాగానే ఉంది. ఆయనదే ఎక్కువగా ఉంది.

*

వదినగారికి నమస్కరించి, మీ మరదలు మండిపడుతూ రాస్తున్నది.

మీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. గది కోసం చందాలంటే సరే. కానీ మీ నోరు మూయించడానికి డబ్బులా? ఇంతకాలం ఒకే వీధిలో ఉండి, మీ మాట వినలేక వీళ్ళు ఇంత అవస్థ పడుతున్నారా? మీరు పెద్దమనసుతో నవ్వేసి ఉంటారు. నేను మాత్రం నవ్వలేను.

మీ తమ్ముడు కాస్త కునుకు తీస్తుంటే తలుపు దగ్గరగా వేసి మందుల షాపుకు వెళ్ళాను. నేనెప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని మీకు తెలుసు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకే నడిచాను. ఆయన నన్ను చూడగానే మాత్రల డబ్బా తీయబోయాడు.

“మాత్రలకు రాలేదు బాబూ. మా వదిన మాట్లాడకుండా ఉండడానికి డబ్బిస్తానన్నావట,” అన్నాను.

“సరదాగా అన్నానమ్మా. మంచి పనికే కదా,” అన్నాడు.

“మీ అమ్మగారు మంచాన పడి ఉన్నప్పుడు రోజూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పి నవ్వించింది ఈ నోరే. అప్పుడు చేదు కాలేదా?”

ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మొహం చిన్నబోయింది. కొంచెంసేపు కౌంటరు మీద లేని దుమ్ము తుడిచి, “అయితే ఆవిడ మళ్ళీ నోరు విప్పిన రోజునే ఇస్తానమ్మా, సరేనా?” అన్నాడు. సరే అన్నాను. అక్కణ్ణుంచి టైలర్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళావిడకు నొప్పులొచ్చినప్పుడు ఆసుపత్రి దాకా ఆమె చేయి వదలకుండా ధైర్యం చెప్పిందెవరో గుర్తుచేశాను. అతనూ మాట మార్చుకున్నాడు. వీధిలో ఇంకొంతమందికి ఆ విషయం టైలరే చెప్పాడు.

ఇక మీరు ఎవరికీ భయపడనక్కర్లేదు. హాయిగా మాట్లాడుకోవచ్చు. ముందు కిందికి వచ్చి నాతో మాట్లాడండి.

ఇట్లు,
ఇప్పటికీ భయం తగ్గని మీ మరదలు

తా.క.: చెప్పులు కుట్టేవాడు మాత్రం ఒప్పుకోలేదు. దారం పళ్ళతో కొరుకుతూ, ఆవిడ మాట్లాడకపోతేనే ఇస్తానమ్మా అని తల కూడా ఎత్తకుండా చెప్పాడు. అంత మొండిమనిషిని నేను చూడలేదు. ఇక నేను అతనితో మాట్లాడను. దానికేమైనా ఇస్తాడేమో కనుక్కోండి.

*

మరదలా,

నిన్ను ఏమనాలో తెలియక రెండు కాగితాలు చింపి ఇది మూడోది రాస్తున్నాను.

ఎవరైనా నన్ను అవమానించారని నీకు నేను చెప్పానా? వాళ్ళు నన్ను ఆటపట్టించేది ఇంట్లో మనిషి అనుకునే. నాకది తెలుసు, వాళ్ళకు తెలుసు. నీ పుణ్యమా అని ఇప్పుడు సగం వీధి నేను నోరు మూసుకుంటే ఇస్తుంది, మిగతా సగం నోరు విప్పితే ఇస్తుంది. చందాలు చూసే పెద్దాయన పొద్దున వచ్చి మా గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఎటు చూసినా సగం చందానే వస్తుందట. సగం చందాతో గోడలకు సున్నం పడుతుంది గాని తలుపు రాదట. తలుపు లేకపోతే అది కూడా వరండాయే కదా. తమ్ముడు మళ్ళీ తల దించుకుంటాడు.

నా కోసం నువ్వు వీధిలోకి వెళ్ళి ఒకరిని నిలదీశావంటే నాకు కళ్ళు చెమర్చిన మాట నిజమే. గుమ్మం దాటాలంటే నాలుగుసార్లు తాళం చూసుకునే మనిషివి. అయినా సరే, ఇంకెప్పుడూ నా తరఫున ఎక్కడికీ వెళ్ళకు.

నేను మాటిచ్చాను కాబట్టి వారం నిలబడతాను. మిగతాది ఏమవుతుందో చూద్దాం.

ఇట్లు,
నీ మీద కోపం నిలవని వదిన

తా.క.: చెప్పులు కుట్టేవాడు కబురు పెట్టాడు. నువ్వు కూడా ఇంట్లో రెండు రోజులు నోరు మెదపకుండా ఉంటే ఇంకొంత ఇస్తాడట. నిన్ను అడగకుండానే నీ తరఫున ఒప్పేసుకున్నాను. ఈ ఉత్తరం చదవడం పూర్తయిన క్షణం నుంచి లెక్క. అమ్మో అని కూడా అనకు.

*

వదినగారికి,

నేను నోరు మెదపలేదు. అమ్మో అనలేదు. మనసులో మాత్రం చాలాసార్లు అనుకున్నాను, అది లెక్కలోకి రాదనుకుంటాను. అక్షరాలు కలిసిపోతే సర్దుకుని చదవండి.

నిన్నంతా నరకం చూశాను. మన ఇద్దరికీ పడటం లేదనుకుంటారో, ఆయన జబ్బు నాకూ అంటుకుందని బెంగపడతారోనని మీ తమ్ముడి మొహమే చూస్తూ కూర్చున్నాను. పలక మీద “బాగానే ఉన్నాను” అని రాసి చూపించాను. ఆయన పలకను చూసి, నన్ను చూసి, అస్సలు నమ్మలేదు.

ఇవాళ మధ్యాహ్నం కంచం పెట్టాను. మామూలుగా అయితే ఆ పక్కనే నిలబడి నీళ్ళా, ఇంకొంచెం వెయ్యనా, వేడిగా ఉందా, కిటికీ మూయనా అని నా ధోరణిలో నేను అడుగుతూనే ఉంటాను కదా. ఆయన ఒక ముద్ద తిని నోరు తెరిచారు. నా నోరూ తెరుచుకుంది. కొంగు కుక్కుకున్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏమీ రావడం లేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. పరుగెత్తుకెళ్ళి మిమ్మల్ని పిలవాలనిపించింది. పిలిస్తే మీరిచ్చిన మాట పోతుంది. అలాగే కూర్చున్నాను. అంతసేపు ఆయన మొహం వైపు ఊరికే చూస్తూ కూర్చోవడం ఈ మధ్య ఎప్పుడూ జరగలేదు.

“ఉప్పు,” అన్నారు.

వదినా, ఆయన గొంతే. కొంచెం బొంగురుపోయింది గాని ఆయనదే. నేను ఉలిక్కిపడి ఉప్పు డబ్బా ముందుకు తోశాను. ఆయన మంచి చేత్తో దాన్ని వెనక్కి తోశారు. మళ్ళీ పెదవులు కదిలించారు. మళ్ళీ అంతసేపూ పట్టింది.

“ఎక్కువ,” అన్నారు.

నేను రుచి చూశాను. ఎక్కువే. ఇన్ని నెలలుగా ఎన్ని కూరలు ఇలాగే మింగారో. నాకు ఏడుపు ఆగలేదు. ఏడిస్తే కంచంలో పడి ఇంకా ఉప్పవుతుందని పక్కకు తిరిగి ఏడ్చాను. ఆయన నవ్వారు. సగం మొహమే నవ్వింది, అది చాలు.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఇది పైకి చదవకండి. గోడ పట్టుకుని, ముందు కూర్చుని, మనసులో చదువుకోండి. మీ మాట మీద గది ఆధారపడి ఉంది.

ఇంకో తా.క.: ఒకటే భయంగా ఉంది. ఇన్ని నెలల్లో ఆయన చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి ఇంకెన్ని ఉన్నాయో. మొదటిదే ఇలా ఉంది.

*

మరదలికి,

నీ ఉత్తరం నిలబడి చదివాను. బాల్కనీలో చదివాను. ఆ తర్వాత ఏమైందో నీకూ వినపడే ఉంటుంది, రెండు వీధుల అవతలికి కూడా వినపడిందట. “మా తమ్ముడు మాట్లాడాడు” అని నేను పెట్టిన కేకకు టైలర్ మెడలో టేపుతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు. నేను కిందికి వచ్చి తమ్ముణ్ణి పట్టుకుని ఏడవడం నువ్వు చూశావు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళానో నీకు తెలియదు. ఎదురుగా కూర్చుని చెప్పవచ్చు గాని నువ్వు మధ్యలో అడ్డొస్తావు. అందుకే రాస్తున్నాను.

వారం నిండకుండానే మాట తప్పానని, ఎవరి డబ్బు వాళ్ళు ఉంచుకోవచ్చని చెప్పడానికి మందుల షాపుకు వెళ్ళాను. చెప్పులు కుట్టేవాడూ అక్కడే ఉన్నాడు. ఇద్దరూ నన్ను చూసి ఏదో దొంగతనం చేసినవాళ్ళలా నేల చూపులు చూశారు. గట్టిగా అడిగితే షాపాయన బయటపెట్టాడు. నేను మాట్లాడకుండా ఉండాలన్నది అతని ఆలోచన కాదట. టీచరమ్మదట. మందులు కొనడానికి వచ్చినప్పుడు ఆవిడ అతనితో అన్నదట: “ఆయన దగ్గర మాటలున్నాయి. బయటికి రావడానికి వాటికి కాస్త టైం పడుతుంది. ఇంట్లో ఇద్దరూ ప్రేమకొద్దీ ఆయన కంటే ముందే చెప్పేస్తున్నారు. ఆ మాట వాళ్ళ మొహం మీద ఎలా అనను?”

అందుకే మీటింగులో ఆ జోకు. నువ్వు వెళ్ళి వాళ్ళమ్మగారిని గుర్తుచేసేసరికి పాపం అతనికి నిజం చెప్పే నోరు పెగల్లేదు. నువ్వు తిట్టుకున్న మొండిమనిషే పట్టు వదలకుండా ఉండి, నీ నోరు కూడా మూయించాడు.

మొదట నాకు ఒళ్ళు మండింది. దారిలో సిగ్గేసింది. ఇంటికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ఇద్దరం కలిసి తమ్ముడి మీద ఎంత ప్రేమ కుమ్మరించామే, పాపం ఊపిరాడకుండా.

గది సంగతి. నేను నోరు విప్పానని షాపాయన, టైలర్ ఇచ్చారు. నువ్వు నోరు విప్పలేదని చెప్పులు కుట్టేవాడు ఇచ్చాడు. మిగతావాళ్ళు ఎందుకిస్తున్నారో అడగకుండానే ఇచ్చారు. తలుపు కూడా వస్తుంది. గడియ లోపలి వైపు పెట్టమన్నాను, మనం తొంగిచూడకుండా.

సాయంత్రం దిగి వస్తాను. నేనేమీ మాట్లాడను. నువ్వూ ఊరుకో. వాడి పక్కన కూర్చుందాం.

ఇట్లు,
నీ వదిన

తా.క.: ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. మధ్యలో నీ భయాలు కలపకు. చదివాక ఎంతసేపైనా ఆగు. వాడేమన్నాడో నాకు రాయి, వాడు అనబోతున్నాడని నువ్వు అనుకున్నది మాత్రం వద్దు.