మూడు పచ్చ చుక్కల బంతి

నూజివీడు,
మే 27, బుధవారం.

చిరంజీవి సౌజన్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మ, నాయనమ్మ ముగ్గురం కుశలమే. ఆ ఉత్తరాది కొండల చలిలో నువ్వూ అలాగే ఉన్నావని తలచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నువ్వు పాఠాలు చెప్పే బడి దగ్గర సిగ్నల్ నిలవదు కనుక ఉత్తరాలే రాసుకుందామని నువ్వు అన్నప్పుడు నాకు లోలోపల సంతోషమే కలిగింది. ఫోన్లో నేను ఆ, ఊ తప్ప మాట్లాడనని అమ్మ ఫిర్యాదు. కాగితం మీద నాకు మాట తడబడదు. అయినా ఈ ఉత్తరాన్ని మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కంటి ఆపరేషన్ అయ్యాక నాయనమ్మ చూపు బాగుంది. మొన్న మా ప్యాకింగ్ షెడ్డుకు వచ్చి, పెట్టెలోంచి ఒక బంగినపల్లి కాయ తీసి, "ఇది ముదరలేదురా, తొడిమ దగ్గర గుంటే పడలేదు, ఎవడు కోశాడు దీన్ని?" అని కూలీల ముందే నన్ను నిలదీసింది. సూపర్‌వైజరునని కూడా చూడలేదు. చిన్న రసాలు పంపమన్నావు. అవి నీ దాకా వచ్చేసరికి పెట్టెలో రసమే మిగులుతుంది. అమ్మ తాండ్ర ఎండబెడుతోంది, అది పంపిస్తాం.

గోల్ఫ్ అంటే ఏమిటో మీ బడి పిల్లలకు ఎలా చెప్పాలని అడిగావు. ఇలా చెప్పు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. తక్కువ దెబ్బల్లో వేసినవారిది గెలుపు. బంతి కనబడకుండా పోతే మూడు నిమిషాలు వెతకవచ్చు. దొరక్కపోతే ఒక దెబ్బ అదనంగా రాసుకుని, మొదట కొట్టిన చోటికే వెనక్కి నడిచి మళ్లీ కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, మా మండలి ఆటలో అంపైరు ఉండడు. ఎదుటివారి దెబ్బలు నేను రాస్తాను, నావి వారు రాస్తారు, చివర ఇద్దరం సంతకాలు చేస్తాం. మనిషి మాటే చివరి మాట.

మా ఆదివారం గోల్ఫ్ మిత్రమండలి ఎలా పుట్టిందో నీకు తెలుసు. లక్ష్మీనరసింహారావు గారు ఇంజనీరుగా రిటైరై వచ్చాక, ముసునూరు రోడ్డులోని తమ తోటలో కాపు ఉడిగిన పన్నెండు ఎకరాల చెట్లు కొట్టించి, గడ్డి పెంచి, ఆరు గుంటలు తవ్వించారు. ఊరంతా నవ్వింది. ఆ తోటలోనే నాయనమ్మ ముప్ఫై ఏళ్లు కాయల తట్టలు మోసింది. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవారే తక్కువ. అదే తోటలో ఆయన నన్ను మండలి సెక్రటరీని చేసి, పదకొండు మంది ముందు "సెక్రటరీ గారూ" అని పిలిచారు. పగలు మామిడి పెట్టెలకు మేకులు కొట్టి, రాత్రి బడిలో చదివి, ముప్ఫై నాలుగో ఏట బి.ఏ. పట్టా పుచ్చుకున్న నాకు ఆ "గారూ" రెండో పట్టా.

మా విశాఖ ప్రయాణం గురించి రాయమని రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. దసరా వెళ్లాక మినీబస్సులో పన్నెండు మందిమి వెళ్లాం. మా మండలిలో కిందటి ఆటలో అందరికంటే వెనకబడినవాడు తర్వాతి ఆటంతా కాయలు కోసే చిక్కాన్ని భుజాన వేసుకు తిరగాలి. ఆసారి ఆటోల బసవపున్నారావు వంతు వచ్చింది. అంత పెద్ద మైదానం గేటు దగ్గరికి పొడుగాటి గడకర్రతో, దాని చివర వలతో వెళితే వాచ్‌మన్ ఆపేశాడు.

"ఏంటండీ ఇది?"

"బంతి పైకెక్కితే దించటానికండీ. మా ఊళ్లో బంతులు చెట్లకే కాస్తాయి," అన్నాడు బసవపున్నారావు.

"ఇక్కడ చెట్లకి కాయవండీ."

"మా సెక్రటరీ గారొచ్చారుగా, కాయిస్తారు."

రావు గారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. సాయంత్రం సముద్రపు ఒడ్డున అందరికీ ముంతకింద పప్పు ఇప్పించారు. నేను కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరిచి ఇసుకలో తడుముకుంటుంటే, పక్కకు వచ్చి నిలబడి నెమ్మదిగా అడిగారు. "దొరికిందా, సెక్రటరీ గారూ?"

అది ఆయనకు అలవాటైన మాట. బస్సులో ఫ్లాస్కు మూత పోయినా, నా జేబులో పెన్ను కనబడకపోయినా అదే అడిగేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మూడు వారాల తర్వాత, కార్తీకంలో ఒక ఉదయం, ఆయన పేపరు చదువుతూ కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

అప్పటినుంచి ఆ మాట నన్ను వదలలేదు. నేను చదువుకున్నవాణ్ణి, దయ్యాలను నమ్మను. అయినా షెడ్డులో పట్టపగలు, కూలీలు గొడవగా మాట్లాడుకుంటున్న వేళ, నా ఎడమ భుజం వెనక అది వినబడుతుంది. తోటలో కాయ రాలి టప్పుమన్న ప్రతిసారీ నాకు తెలియకుండానే వెనక్కి తిరుగుతున్నాను. మడమ నొప్పి తగ్గిందా అని అడిగావు. నొప్పి కాదమ్మా అది. అడుగు వేసినప్పుడల్లా ఎడమ మడమ కింద గుండ్రంగా, గట్టిగా ఏదో తగులుతుంది. చెప్పులు రెండు జతలు మార్చాను. ఎక్స్‌రే తీసిన డాక్టరు ఎముక శుభ్రంగా ఉందన్నాడు.

ఇక కప్పు సంగతి. కిందటేడు నేను గెలిచిన ఇత్తడి కప్పు ఫొటో పంపమన్నావు. పేపరులో వచ్చిన ముక్కను నీ గది గోడకు అంటించానని, "తల్లి కాయలు మోసిన తోటలో కొడుక్కి కప్పు" అనే శీర్షికకు అర్థం మీ పిల్లలకు హిందీలో చెప్పానని రాశావు. వచ్చే ఆదివారం ఆ కప్పుకు రావు గారి పేరు పెడుతున్నారు. దాని మీద బిగించే ఇత్తడి పలక మీద మొదటి విజేతగా నా పేరు చెక్కిస్తారట. ఆ వాక్యం రాసివ్వవలసింది సెక్రటరీగా నేనే. ఈ ఏడు పోటీకి నాన్న పేరెందుకివ్వలేదని కూడా అడిగావు. మడమ నొప్పి అని బసవపున్నారావుకు చెప్పాను. నీకు అలా రాయలేను.

కిందటి మేలో ఆ చివరి ఆట రావు గారికీ నాకూ మధ్య జరిగింది. అయిదు గుంటలు అయ్యేసరికి ఇద్దరం సమానం. ఆరో గుంటకు ఆయన కొట్టిన బంతి పక్కకు పోయి మామిడి వరసలో పడింది. మిగిలినవారంతా గుంట దగ్గర జెండా పక్కన ఎదురుచూస్తున్నారు. మేమిద్దరమే వెతకటానికి వెళ్లాం. చెట్లకు అంతకుముందే నీళ్లు పెట్టారు, పాదులన్నీ బురద. ఆయన బంతుల మీద పచ్చ సిరాతో మూడు చుక్కలు పెట్టుకునేవారు. ఒక పాదులో, సగం మునిగి, ఆ మూడు చుక్కలూ పైకి కనబడుతూ బంతి నా కాలి ముందే ఉంది.

ఎందుకు చేశావని అడగకు. ఏడాదిగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆ తోటలో ఒక్కసారి నా పేరు పైన ఉండాలన్న కోరిక కావచ్చు. ఎడమ కాలు దాని మీద వేశాను. రెండు చెట్ల అవతలి నుంచి ఆయన అడిగారు. "దొరికిందా, సెక్రటరీ గారూ?"

"లేదండీ," అన్నాను. మడమతో నొక్కాను. బంతి మెత్తగా దిగిపోయింది.

మూడు నిమిషాలూ ఆయన తన వాచీ చూసుకుని తనే లెక్కపెట్టారు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి ఆ ఎండలో వెనక్కి నడిచి వెళ్లి మళ్లీ కొట్టారు. ఒక్క దెబ్బ తేడాతో నేను గెలిచాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. నా చీటీ మీద సంతకం చేసి, "బాగా ఆడారండీ," అన్నారు.

మర్నాడు సాయంత్రం వెళ్లి పాదు తవ్వాను. బంతి లేదు. చెట్టు పొరబడ్డానేమోనని చుట్టూ అన్ని పాదులూ చూశాను. తొలకరికి ఆ వరస దున్నుతుంటే ట్రాక్టరు వెనకే ప్రతి నాగటిచాలు వెంటా నడిచాను. "ఏంటి బాబాయ్, కొంగలాగా నాగలెంట పడ్డావ్?" అన్నాడు డ్రైవరు. ఎక్కడా తేలలేదు.

పలక మీది వాక్యం రాయటానికి వారం రోజులుగా కూర్చుంటున్నాను. నిన్న మధ్యాహ్నం కలం మూసి, లేచి రావు గారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పుష్పవతి గారు వరండాలో ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తున్నారు.

"రండి సెక్రటరీ గారూ. పలక సంగతా?"

"కాదండీ. బంతి సంగతి," అని నిలబడే అంతా చెప్పాను. ఆవిడ ముక్కలు తుడవటం ఆపలేదు. నేను ముగించాక చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. మూత తీస్తే బంతి. మట్టి ఎండి పెచ్చు కట్టింది. మూడు చుక్కల్లో ఒకటి మాత్రమే కనబడుతోంది.

"ఆ మర్నాడు పొద్దున్నే తనే గునపం పట్టుకెళ్లి తవ్వి తెచ్చారండీ. పాదులో మడమ గుర్తు ఒక్కటే లోతుగా ఉందన్నారు. నన్ను కడగనివ్వలేదు. 'ఇది సెక్రటరీ గారిది, అడిగితే ఇవ్వు' అన్నారు. అడక్కపోతేనో అన్నాను. 'అడుగుతారు' అన్నారు."

నేను బంతిని డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టుకున్నాను.

"విశాఖ నుంచి వచ్చాక కూడా, సెక్రటరీ గారు అడిగారా అని నేనంటే, 'ఇంకా లేదు, నేనే అడుగుతున్నాను' అని నవ్వారు," అన్నారావిడ.

"కోపగించుకోలేదా అండీ?"

"అది నాకు చెప్పలేదు. ఓ నెల రోజులు పొద్దున టిఫిను మాత్రం సరిగ్గా తినలేదు."

వెళ్లొస్తానండీ అంటే తల ఊపారు. ఉన్నంతసేపూ కూర్చోమని ఆవిడ అనలేదు. అది న్యాయమే.

చూశావా తల్లీ, ఆరు నెలల పాటు ఆయన సరదాకు అడుగుతున్నారనుకున్నాను. అడిగిన ప్రతిసారీ ఒక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. నేను ప్రతిసారీ నవ్వి, కళ్లజోడో పెన్నో చూపించాను.

ఇంటికి వచ్చి ముందు నాయనమ్మకు, అమ్మకు చెప్పాను. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాయనమ్మ మాత్రం, "ముప్ఫై ఏళ్లు మోశానురా ఆ తోటలో. ఒక్క కాయ కొంగున కట్టుకోలేదు," అంది. ఆ మాట ముందు నా రెండు పట్టాలూ పనికిరాలేదు.

ఆదివారం మండలి ముందు నిలబడి ఇదంతా చెబుతాను. కిందటేటి విజేత లక్ష్మీనరసింహారావు గారు అని పలక మీది వాక్యం రాసి సిద్ధంగా ఉంచాను. ఆ పక్కనే సెక్రటరీ పదవికి రాజీనామా పత్రమూ ఉంది. బసవపున్నారావు మొహం ఎలా చూడాలో తెలియదు, కాని చూస్తాను. నువ్వు గోడ మీది ఆ ముక్క తీసెయ్యి. పిల్లలు ఎందుకని అడిగితే దాచకు. మా నాన్న తప్పు రాసి సంతకం పెట్టాడని చెప్పు.

ఇవాళ పొద్దున బంతి జేబులో వేసుకుని ఆ పాదు దగ్గరికి వెళ్లాను. ఎవరూ లేరు. వెనక ఒక కాయ రాలింది, తిరిగి చూశాను. "దొరికిందండీ," అని పైకే అన్నాను. వాచీ చూసుకుంటూ మూడు నిమిషాలు నిలబడ్డాను. ఇన్నాళ్లూ అడగని రోజు లేదు. ఇవాళ ఆయన ఏమీ అడగలేదు.

ఇట్లు,
నువ్వు ఏం రాసినా చదవటానికి సిద్ధంగా ఉన్న
మీ నాన్న,
నరసింహులు