నీళ్ళొదిలిన వాటా

సింహాద్రీ,

ఎలా ఉన్నావు నాయనా... నువ్వు వెళ్ళి ఏడాది దాటిపోయింది. సంవత్సరీకం కూడా పెట్టాం. పార్వతి ఏడుపు ఆపుకుంది, పింకీ ఆపుకోలేకపోయింది. నేను వంట చూసుకున్నాను.

అక్కని అప్పా అని పిలిచే నోరు ఈ ఇంట్లో ఇంకొకటి లేదు. ఆ మాట విని కూడా ఏడాది దాటింది.

నీకు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. గతౌరా బడిలో పని ముగించుకుని నేనెక్కే ప్యాసింజర్ సంగతి నీకు తెలుసుగా... బొగ్గు బండ్లకి దారిచ్చి ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. ఇంటికొచ్చి, దీపం పెట్టి, రెండు మెతుకులు తినేసరికి ఒళ్ళు వాలిపోతోంది. ఈ అలసట నిద్రతో పోయేది కాదురా. మర్నాడు దాంతోనే లేస్తున్నాను.

ఈ రోజు మాత్రం రాయాలి. రేపు మన ఇల్లు అమ్మేస్తున్నాం.

నువ్వు పోయిన కొన్ని నెలలకి పార్వతి మెల్లగా మాట తీసింది. మేడ మెట్లు ఎక్కలేకపోతున్నానని, వానకి వంటింటి గోడ చెమ్మగిల్లుతోందని, కూతురు పింకీ ఉద్యోగం చకర్‌భాటా ఎయిర్‌పోర్టులో కాబట్టి అటే ఒక ఫ్లాటు చూసుకుంటే మేలని. అన్నీ నిజాలే. నువ్వు రైల్వే షెడ్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకునే అరుగు కూడా ఆమెని ఇక్కడ ఉండనివ్వడం లేదేమో... ఆ మాట పార్వతి అనలేదు. నాకే అనిపించింది. సరే అన్నాను.

కొనేది మన తార్‌బహార్ పేటలోనే బట్టల కొట్టున్నాయన. ఆయన వకీలు కాగితాలు చూసి, ఇల్లు కొన్న దస్తావేజు నాన్న పేరునే ఉంది, నాన్నకి పిల్లలెంతమంది అని అడిగాడట. ఇద్దరని పార్వతి చెప్పింది. అయితే ఆ రెండో మనిషి చేత 'హక్ త్యాగ్' చేయించండి అన్నాడట. అంటే నా వాటా వదులుకుంటున్నానని రాసిన కాగితం.

పార్వతి ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పెన్నూ తెచ్చింది. నేను పెన్ను తీసుకున్నాను సింహాద్రీ. సంతకం పెట్టేదాన్నే.

ఆ 'త్యాగ్' అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నేను ఎప్పుడో ఇచ్చేశాను కదా? ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఎలా ఇస్తాను? ఒకసారి ధారపోసింది మళ్ళీ ధారపోస్తే, మొదటిసారి చేసింది అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా... అదీ నాన్న ఫొటో ముందు చేసింది.

నాన్న పెద్దకర్మ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. మా ఆయన పోయి నేను ఈ ఇంటికొచ్చేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నన్ను చూసుకుంటున్నావు, నీకు నేనేం ఇవ్వగలను అనుకున్నాను. బంధువులందరి ఎదుటా చెంబుతో నీళ్ళు తెచ్చి, తులసాకు వేసి, నీ దోసిట్లో పోసి, నాన్న ఇంట్లో నా వాటా నీకే అన్నాను. నువ్వా నీళ్ళు పళ్ళెంలోకి వదలాలి. నువ్వేమో తీర్థమనుకుని తాగేసి, చెయ్యి నెత్తికి రాసుకున్నావు.

అంత దుఃఖంలోనూ జనం నవ్వారు. నువ్వు బిక్కమొహం వేసుకుని, "తాగీసేనప్పా... ఇప్పుడేటి చేద్దాం?" అన్నావు.

ఆ తర్వాత నేను ఎప్పుడు ముభావంగా ఉన్నా అదే మాట. "ఏటప్పా, అలగ కూకున్నావు? ఆ నీళ్ళు నేను తాగీసేను కదా, అవి చెల్లవు. ఇల్లు నీది కూడా." నేను నవ్వి ఊరుకునేదాన్ని. వేళాకోళమే అనుకున్నాను. వేళాకోళమేనా?

ఈ సందేహం చెబితే పింకీ నవ్వింది. దాని తెలుగు నీకు తెలుసుగా, సగం దారిలో హిందీ బండెక్కేస్తుంది. "ఒక్క ముక్క చివరిదాకా తెలుగులో చెప్పవే, జిలేబీ కొనిపెడతాను" అని ఏడిపించేవాడివి. ఎప్పుడైనా కొనాల్సి వచ్చిందా? ఆ నవ్వుతోనే ఫోన్లో ఏదో కోర్సు చూపించింది. ఇళ్ళూ స్థలాలూ కొనడంలో, అమ్మడంలో చట్టం ఏమంటుందో చెప్పే ఆన్‌లైన్ క్లాసు. ఇది వినేస్తే నీ అనుమానం తీరుతుంది, హాయిగా సంతకం పెట్టేస్తావు అత్తా, అని తనే నా పేరు చేర్చింది.

క్లాసు సరిగ్గా దీపం పెట్టే వేళకి. మనింట్లో సిగ్నల్ బాగా అందేది దేవుడి గదిలోనే. నువ్వు క్రికెట్ స్కోరు కోసం అప్పన్న పటం ముందు అంతసేపు నిలబడితే, కొత్తలో పార్వతి భక్తి అనుకునేది. నేను ఫోన్ను గంధం గిన్నెకి ఆనించి పెట్టేదాన్ని. సహస్రనామం అవగానే రిజిస్ట్రేషన్ చట్టం. స్వామి కూడా నాతోపాటు అన్నీ విన్నాడు.

క్లాసులో ఎక్కువమంది కుర్రాళ్ళు, ఇళ్ళ బ్రోకర్లు. నేను కనపడగానే ఆంటీజీ నమస్తే అనేవారు. మాస్టారు నీకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు.

మొదట్లో ఏమీ బుర్రకెక్కలేదు. కళ్ళు మూతలు పడేవి. ఒక రోజు ఆయన కబ్జా, కబ్జా అని పదేపదే అంటుంటే ఉలిక్కిపడి లేచాను, ఎవరు ఎవరి స్థలం లాక్కున్నారో అని. మన తెలుగు టీవీ వార్తల్లో కబ్జా అంటే దౌర్జన్యమే కదా. ఇక్కడి కాగితాల్లో మాత్రం ఇంట్లో ఎవరుంటున్నారో, ఇల్లు ఎవరి చేతిలో ఉందో, అదే కబ్జా. అంతే. నువ్వుంటే మా అప్ప కబ్జాదారు అని వీధంతా చాటింపు వేసేవాడివి.

ఇంకో రోజు నామాంతరణ్ గురించి చెప్పారు. మునిసిపాలిటీ రికార్డులో పేరు మార్పించుకోవడం. అది పన్ను కట్టడం కోసమే, పేరు మారినంత మాత్రాన ఇల్లు ఆ మనిషిది అయిపోదు అన్నారు. నువ్వు పేరు మార్పించుకుని పేడాలు పట్టుకొచ్చిన రోజు గుర్తొచ్చింది. "అయిపోనాదప్పా, ఇక మనల్ని ఎవడూ కదపలేడు" అన్నావు. 'నన్ను' అనలేదు. 'మనల్ని' అన్నావు.

ఆ రోజే ధైర్యం చేసి అడిగాను. అందరి ఎదుటా నీళ్ళు ధారపోసి ఇచ్చేస్తే చెల్లుతుందా, అని.

కుర్రాళ్ళు కొందరు నవ్వారు. మాస్టారు వాళ్ళని ఆపారు. ఏమైనా రాసుకున్నారా అని అడిగారు. లేదన్నాను. రిజిస్ట్రీ? లేదన్నాను. సాక్షులెవరు అన్నారు. బంధువులు, నాన్న ఫొటో, దేవుడు అన్నాను. ఇల్లు నోటిమాటతో చేతులు మారదు మాతాజీ, మీ సగం మీ దగ్గరే ఉంది, ఇన్నేళ్ళూ మీ దగ్గరే ఉంది అన్నారు.

నాకు సంతోషం కలగలేదు. ఎప్పుడో దించేశాననుకున్న మూట ఇంకా నెత్తినే ఉందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఉన్నట్టుండి మెడ నొప్పెట్టింది.

ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నేను ఎలా ఉన్నానో నువ్వు గమనించావా? గోడకి మేకు కొట్టాలంటే పార్వతిని అడిగేదాన్ని. ఎంత ఎండల్లోనూ కూలర్ నా వైపు తిప్పుకోలేదు. చుట్టాలొస్తే ముందు నా పక్కే తీసి ఇచ్చేదాన్ని. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, నువ్వు అననివ్వలేదు. నేనే అలా ఉండిపోయాను. ఇచ్చేసినదాన్ని కదా... అలాగే ఉండాలనుకున్నాను.

అసలు ఇవ్వడమే జరగలేదట.

ఆ రోజు నీళ్ళు పోసింది నీ మీద ప్రేమతోనా, ఎక్కడికి పోవాలన్న భయంతోనా? స్వామి ముందు కూర్చుని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

అయినా సంతకం పెట్టేసేదాన్నేమో. ఇంతలో పింకీ కొత్త ఫ్లాటు నక్షా చూపించింది. రెండు పడగ్గదులు. ఒకటి అమ్మకి, ఒకటి నాకు, అత్తకి హాల్లో మంచి దివాన్ వేద్దాం అంది. ఎంత ప్రేమగా అందో. పార్వతి అప్పుడే దానిమీదకి ఏ రంగు దుప్పటి బాగుంటుందో ఆలోచిస్తోంది. వాళ్ళ మనసులో చెడు లేదు. అందుకే నాకు మరీ కష్టంగా తోచింది.

హాల్లో పడుకోవడమంటే ఏమిటో తెలుసా? వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా నడుం వాల్చకూడదు. అందరికంటే ముందు లేచి పక్క చుట్టేయాలి. చీర మార్చుకోవాలంటే ఎవరి గది ఖాళీగా ఉందో చూసుకోవాలి. మంచాన పడితే... వచ్చేపోయే వాళ్ళందరి ఎదుటా పడాలి. రేపు నా ప్రాణం పోయేది కూడా ఆ దివాన్ మీదేనా?

అప్పుడు చెప్పాను. త్యాగం కాగితం మీద సంతకం పెట్టను. మీతోపాటు అమ్మేదాన్నని పెడతాను. నాకొచ్చేది కూడా కొత్త ఇంట్లోనే వేద్దాం. కానీ ఆ కాగితంలో మూడు పేర్లుండాలి. నాకొక గది, దానికొక తలుపు ఉండాలి.

ఇంత పొడుగు మాట నేను ఈ ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడానా? వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

పింకీ నాకు వకీల్ సాహిబా అని పేరు పెట్టింది, ఈసారి నవ్వకుండా. నువ్వు సంతకం పెడతావని నేనే క్లాసులో చేర్పించాను చూడు, అని తన నెత్తి తనే కొట్టుకుంది. పార్వతి మాత్రం పెరటి గోడ మీదుగా పక్కింటావిడతో అంది, పోసిన నీళ్ళు మా వదిన వెనక్కి అడుగుతోందని. నాకు వినపడింది. వినపడాలనే అందేమో. ఆ మాటలో తప్పేముంది? నీళ్ళు పోసిందీ నేనే, అడుగుతున్నదీ నేనే.

కొన్నాళ్ళు ఇంట్లో కుక్కర్ కూతలు తప్ప మాటల్లేవు. రెండుసార్లు కాగితం తీసి సంతకం పెట్టేద్దామనుకున్నాను. పోట్లాడే ఓపిక నాకెక్కడిది? రెండుసార్లూ ఆ దివాన్ కళ్ళముందు కనపడింది. పెట్టలేదు.

ఒక సాయంత్రం క్లాసు వింటున్నాను. పార్వతి అగరొత్తులు వెలిగించడానికి వచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. తండ్రి ఇంట్లో ఆడపిల్ల వాటా పెళ్ళితో పోదని మాస్టారు చెబుతున్నారు. పార్వతి కింద కూర్చుంది. అయితే రేపు పింకీకి పెళ్ళైనా దాని వాటా దానిదేనా వదినా, అని అడిగింది. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. దానిదే అన్నాను.

ఇంకాసేపు విని, తన పుట్టింటి సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న పోయాక విజయనగరం నుంచి అన్నలు కాగితం పంపితే, చదవకుండా సంతకం పెట్టి తిప్పి పంపేసిందట. పోస్టులో వేసింది నువ్వేనట. నీకేం కావాలమ్మా అని ఒక్కరైనా అడిగారా వదినా, అంది. క్లాసు ఎప్పుడైపోయిందో ఇద్దరం చూసుకోలేదు.

మర్నాడు పింకీతో ఏం మాట్లాడిందో తెలీదు. ఆ ఫ్లాటు వదిలేశారు. కాస్త లోపలికి, పాత కాలనీలో మూడు గదులది దొరికింది. కింది అంతస్తే. కాగితంలో మూడు పేర్లూ ఉంటాయి. పింకీకి ఇంకా కినుకగానే ఉంది, అది ఎయిర్‌పోర్టుకి దూరమని. పోనుపోను సర్దుకుంటుందనుకుంటాను... సర్దుకోకపోతే?

కోర్సు అయిపోయింది. చివర్లో పరీక్ష పెట్టారు, రాయలేదు. ఓపిక లేకపోయింది. కానీ మాస్టారు ఆఖరి రోజు చెప్పిన సంగతి ఒకటి మనసులో ఉండిపోయింది. రిజిస్ట్రీ ఆఫీసులో అధికారి సంతకం పెట్టేవాళ్ళని ఒక్కొక్కరినీ ఎదురుగా పిలిచి అడుగుతాడట, ఇది నీ ఇష్టంతోనే చేస్తున్నావా అని. కొందరు ఆడవాళ్ళు ఇంట్లోవాళ్ళ వైపు చూసి తల ఊపుతారట. అలా ఊపకండి, మీ నోటితో చెప్పండి అన్నారు.

చదువు మానిపించినప్పుడు, పెళ్ళి కుదిర్చినప్పుడు, ఆయన పోయాక ఎక్కడుండాలో మాట్లాడుకున్నప్పుడు... నన్ను ఆ మాట ఎవరైనా అడిగారా? అడిగితే అప్పుడు నేనేం చెప్పి ఉండేదాన్నో.

రేపు పొద్దున్న పార్వతి, పింకీ, నేను ఒకే ఆటోలో వెళ్తాం. నా వంతు వచ్చినప్పుడు పార్వతి వైపు చూడను, తల ఊపను. నా ఇష్టంతోనే అని, అక్కడున్న వాళ్ళందరికీ వినపడేలా చెప్తాను. నీకు మాటిస్తున్నాను.

ఉంటాను సింహాద్రీ. పొద్దున్నే లేవాలి.

నీ అప్ప