మా బిందె కొలత

మార్చి 9, సోమవారం. పొద్దుటి నుంచి చేసినవి: మందు వేసి మూతపెట్టిన నీళ్లు రెండు బిందెలు, ఉతికిన దుప్పట్లు నాలుగు, మొదలుపెట్టి ఆపేసిన ఉత్తరాలు మూడు.

అక్కకు,

అందరం క్షేమం అని రాయబోతే చెయ్యి ఆడలేదు. మా ఇంట్లో అందరం క్షేమమే. ఎదురింట్లో కాదు.

నా నీళ్ల పాఠాలకు మీ మరిది ఏమంటున్నాడని అడిగావు. "ఇంట్లో చెప్పింది చాలక వీధికెక్కావా?" అంటూనే బిందెలకు మూతలు తెచ్చిపెట్టాడు. ఆడవాళ్లు పన్నెండుమంది వస్తున్నారు. బట్టతో వడగట్టడం, క్లోరిన్ మందు వేసి అరగంట ఆగడం, చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీసుకోవడం అందరికీ వచ్చేసింది.

కానీ ఎదురింటి కుట్టుపనావిడ కూతురికి నాలుగు రోజులుగా విరేచనాలు. కుళాయి దగ్గర ఒకటే గుసగుసలు. "మిషను మీదున్న శ్రద్ధ బిందె మీద లేదు" అని ఇద్దరు తమ జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకెళ్లిపోయారు.

అక్కా, నీకు దాచలేను. "అరగంట ఆగి ఉండవు" అని ఆవిడ మొహం మీదే అన్నదాన్ని నేనే.

"గడియారం చూసి మరీ ఆగాను వదినా" అంది.

నమ్మలేదు. మొన్న శనివారం పిల్లను చూడబోతూ మా బిందెతో నీళ్లు పట్టుకెళ్లాను. వాళ్ల బిందెలో పోస్తే సగానికే వచ్చాయి. మందు సీసా మీద లీటరుకిన్ని చుక్కలని ఉంటే, చదువురాని వాళ్లకు సులువని బిందెకు ముప్పై అని చెప్పింది నేను. లెక్క కట్టింది మా బిందెతో! మందు సగమే పడింది. అది తెలిసీ నిన్నంతా నోరు మెదపలేదు.

ఇవాళ కుళాయి దగ్గర అందరి ముందూ చెప్పేశాను. పాలావిడ పకపకా నవ్వి, "లెక్కల పంతులమ్మకే లెక్క తప్పిందా!" అంది. కుట్టుపనావిడ నవ్వలేదు.

"నా పిల్ల పడ్డ బాధ మీ మాటతో పోదు. ముందు అందరి బిందెలూ కొలవండి" అంది.

లీటరు సీసాతో పన్నెండిళ్లూ తిరిగి కొలిచాను. ఒక్కో బిందెకూ ఎన్ని చుక్కలో రంగుతో అన్ని గీతలు గీశాను. పిల్ల మధ్యాహ్నం గంజి తాగి నిలుపుకుంది. గుడ్డలు తీసుకెళ్లినవాళ్లను అడిగి, నేనే తెచ్చి మిషను మీద పెట్టాను. ఆవిడ మడత విప్పి, కొలతలు చూసుకుని, కత్తెర అందుకుంది.

కుట్టుపనావిడకు నేను బాకీ పడ్డ నిజం, అందరి ముందూ: చెల్లు.

ఇట్లు,
నీ చెల్లెలు