భూమి బాకీ

కోరుట్ల,
10 ఆగస్టు 2025, ఆదివారం.

అత్తమ్మ పక్కబట్టలు మార్చుట: మూడు సార్లు. గోలీలు: ఐదు, మింగినవి నాలుగు. రొట్టెలు: పద్నాలుగు. ఉతికిన బట్టలు: పదకొండు, ఆరినవి రెండు (ముసురు). నల్లా నీళ్ళు: ఎనిమిది బిందెలు. అత్తమ్మ ‘భూమి’ అని పిలిచినవి: లేవు.

చిరంజీవి నవ్యకు,

రాజక్క దీవించి రాయునది. ఇక్కడ మేము ఎట్లాగో నడుస్తున్నాము. అక్కడ నువ్వు, మీ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

పైన ఉన్నది నీ కోసం రాసింది కాదు. రోజూ రాసుకునే నోటుబుక్కులోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, కాగితాలు చింపి పంపుతున్నాను. ఆ చివరి పద్దు మాత్రం నీకు సంబంధించిందే. ఫిబ్రవరిలో నువ్వు వెళ్తూ, ఏమైనా గుర్తొస్తే రాయమని అడ్రసు రాసిన కవరు ఇచ్చి పోయావు. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు నిజాలు సరిగా రావు.

మీ సంస్థ నుంచి వచ్చిన కాగితం అందింది. దేశదేశాల పాటలు పెట్టే మీ వెబ్‌సైటులో మా అత్తమ్మ పాట నవంబరులో పెడతామని, దాని కింద అచ్చయ్యేది సరిచూసి సంతకం పెట్టి పంపమని అడిగారు. ‘నాటు పాట. గాయని: బాలలక్ష్మి, 81 ఏళ్ళు. జ్ఞాపకశక్తి తగ్గినందున పాట అసంపూర్ణం.’ సంతకం పెట్టకుండా తిరిగి పంపుతున్నాను, కోపం చేయకు. గాయని అన్నది సగం తప్పు. జ్ఞాపకశక్తి అన్నది పూర్తిగా తప్పు. అసంపూర్ణం అన్నది మొన్న ఏడో తారీఖు దాకా నిజమే.

నువ్వు వచ్చిన రోజు గుర్తుందా? అత్తమ్మ కుదురుగా కూర్చోదేమోనని, ముందు నీ ల్యాప్‌టాప్‌లో జపాన్ వాళ్ళ నాట్లు చూపించావు. మోకాలి లోతు బురదలో ఆడవాళ్ళు వరుసగా వంగి నాటుతుంటే అత్తమ్మ కళ్ళు చికిలించి చూసి, “గా దేశంల గూడ ఎనుకకే నడుస్తరా?” అన్నది. నువ్వు నవ్వావు. తర్వాత మైకు పెట్టావు. ఆమె ఒక చరణం పాడి ఆగిపోయింది. ఆగి, గోడ వైపు చూస్తూ కూర్చున్నది. చాలాసేపటికి ఇంకో చరణం. మళ్ళీ ఆగింది. నీకు ఓపిక ఎక్కువ, నీతో వచ్చిన కెమెరా ఆయన మాత్రం గడియారం చూసుకున్నాడు. తర్వాత నువ్వు పంపిన ఫైలులో ఆ ఖాళీలు లేవు. కత్తిరించి, చరణాలన్నీ ఒకదానికొకటి కలిపి అతికించారు.

ఏప్రిల్‌లో ప్రపంచ వారసత్వ దినమని జగిత్యాలలో సన్మానం చేశారు. మా ఆయన బుచ్చన్న ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని అత్తమ్మను స్టేజీ ఎక్కించాము. శాలువ కప్పారు, సర్టిఫికెట్ ఇచ్చారు, పాట వినిపించారు. ‘ఎడమ చేతుల ఉన్నదే, ఓ చెల్లె. మోకాలు మునిగెనే, ఓ చెల్లె. కొంగుల దాస్తినే, ఓ చెల్లె.’ ఒక పెద్దమనిషి లేచి దాని అర్థం చెప్పాడు. మోకాలు మునగడమంటే సంసార సాగరమట. చెల్లె అంటే యావత్ మానవాళి అట. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తమ్మ నా చెవిలో, “ఒంటికి పోవాలె” అన్నది.

ఇక ‘భూమి’ సంగతి. రెండేళ్ళుగా అత్తమ్మ పగలూ రాత్రీ ఒకటే మాట: “భూమి బాకీ ఉన్నది. భూమి రాలేదా?” రోజుకు ఇరవై, ముప్పై సార్లు. నేను లెక్క రాశాను. ఆమె పేరు మీద మాకు తెలియని పొలం ఇంకెక్కడో ఉన్నదని మా ఆయన అనుకున్నాడు. మార్చి నుంచి మే దాకా ఆటో పక్కన పెట్టి ఆఫీసు చుట్టూ తిరిగాడు. మీసేవ యాదగిరి అన్ని సర్వే నంబర్లూ కొట్టి చూసి, “బుచ్చన్నా, ఉన్న ముప్పై గుంటలు తప్ప గుంట గూడ ఎక్కువ లేదే. ముసలమ్మ ఏ రాజుల కాలంల కొన్నదో ఏమో!” అని నవ్వాడట. ఈ మాట జగిత్యాలలో ఉండే మా మరిది వెంకటేశం చెవిన పడ్డది. ఆయన వచ్చి, “వదినా, పంచెటప్పుడు నన్ను మరువకుండ్రి, గింతే చెప్తున్న” అని, చాయ తాగకుండా వెళ్ళిపోయాడు. లేని పొలానికి అన్నదమ్ములు మాటలు బంద్ చేసుకున్నారు.

జూన్‌లో తొలి వాన పడిన రోజు అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ, “భూమి నారుకట్ట పట్టుకోని నిలవడ్డది” అన్నది. పొలం నిలబడదు కదా, నిలబడేది మనిషి కదా అని నాకు అప్పుడు తట్టింది. మేము కోరుట్లకు రాకముందు, ముత్యంపేట దగ్గర మా ఊళ్ళో మైసయ్య భార్య భూమవ్వ ఉండేది. అందరికీ భూమవ్వ, ఒక్క అత్తమ్మకే భూమి. నలభై ఏళ్ళు ఇద్దరూ ఒకే గుంపులో నాట్లకు పోయారు. మైసయ్య పోయాక భూమవ్వ సిరిసిల్లలో కూతురు ప్రీతి దగ్గరికి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళయింది. ఎవరమూ మళ్ళీ అడగలేదు.

వెళ్దామంటే నాకు తీరిక దొరకాలి కదా. జూన్ పోయింది, జులై పోయింది. మొన్న గురువారం అత్తమ్మను మా ఆయనకు అప్పగించి, రుద్రంగి మీదుగా సిరిసిల్ల బస్సు ఎక్కాను. ప్రీతి బట్టలు కుట్టే కంపెనీకి డ్యూటీకి పోయింది. గది ముందు మెట్టు మీద కూర్చుని భూమవ్వ బియ్యం ఏరుతున్నది. జుట్టంతా తెల్లబడ్డది, గొంతు మాత్రం అదే. నన్ను చూసి, “ఏం కోడలా, పదకొండేండ్లకు తొవ్వ దొరికిందా?” అన్నది.

ఫోనులో నువ్వు పంపిన పాట వినిపించాను. రెండు చరణాలు విని భూమవ్వ మొహం చిట్లించింది. “గిదేంది? నేను అడుగకముందుకే జవాబు చెప్తున్నది! బాలక్క గింత తొందరది కాదే” అన్నది.

అప్పుడు విప్పి చెప్పింది. వాళ్ళ గుంపు పాట ఒకరు ఎత్తుకునేది, ఒకరు అందుకునేది. ఎత్తుకునే మనిషి అడుగుతుంది, అందుకునే మనిషి జవాబు చెప్తుంది. అడిగేది ఎప్పుడూ భూమవ్వే. పాట కూడా ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నదే. మా అత్తమ్మ పాడింది జవాబులు మాత్రమే. ఆ ఖాళీల్లో ఆమె మరిచిపోయి ఆగలేదు నవ్యా, ప్రశ్న కోసం ఆగింది.

‘నారు ఏడ ఉన్నదే, ఓ అక్క?’ అంటే, ‘ఎడమ చేతుల ఉన్నదే, ఓ చెల్లె.’ ‘నీళ్ళు ఎంత నిండెనే, ఓ అక్క?’ అంటే, ‘మోకాలు మునిగెనే, ఓ చెల్లె.’ ‘కన్నీళ్ళు ఏడ దాస్తివే, ఓ అక్క?’ అంటే, ‘కొంగుల దాస్తినే, ఓ చెల్లె.’

జగిత్యాల పెద్దమనిషి చెప్పిన అర్థం చెప్తే భూమవ్వ చాట పక్కన పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “సాగరం గాదు బిడ్డా, బురద! ఎడమ చేతుల నారు లేకుంటె ఏం నాటుతరు, ఆయన తలకాయనా?” ఆ సన్మానం ఏ రోజని అడిగింది. చెప్పాను. “గా దినం గుడ్ ఫ్రైడే. నేను చర్చిల ఉన్న. బాలక్కకు శాలువ కప్పుతుండ్రని నాకేం ఎరుక” అన్నది. మళ్ళీ చాట ముందుకు లాక్కున్నది.

బాకీ సంగతి అడిగాను. పదకొండేళ్ళ కింద మా ముప్పై గుంటల్లో చివరి మడి నాటుతున్నారట. పాటలో ఒక్క ప్రశ్న మిగిలింది. అంతలో ఒడ్డు మీద ఎవరో పరుగెత్తుకొచ్చి, మైసయ్య పడిపోయిండని చెప్పారు. భూమవ్వ చేతిలో నారుకట్ట అక్కడే వదిలి, “మిగిలింది బాకీ బాలక్కా, అచ్చినంక అడుగుత” అని ఉరికింది. మళ్ళీ ఆ మడిలోకి రాలేదు.

ఆ రోజే ఆమెను వెంటబెట్టుకొని వచ్చాను. మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. రుద్రంగి దాటాక పొలాల్లో బీహారు కూలీలు నాట్లు వేస్తున్నారు. ఒడ్డు మీద ఫోను పెట్టి అందులోంచి పాట. “ఫోనే ఎత్తుకుంటున్నది. అందుకునెటోళ్ళు లేరు” అని భూమవ్వ అద్దం మీద తల ఆనించి పడుకున్నది.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతున్నది. భూమవ్వ కడప దగ్గర ఆగి, “లోపటికి రావాల్నా కోడలా, ఈడనే కూసోవాల్నా?” అని అడిగింది. ఊళ్ళో నలభై ఏళ్ళు ఆమె మా కడప దాటలేదు. చాయ వాకిట్లోనే, గ్లాసు వేరే. ఆ గ్లాసును గూట్లో విడిగా బోర్లించింది పెళ్ళయి వచ్చాక నేనే. రమ్మని చేయి పట్టుకొని లోపలికి తెచ్చాను. అత్తమ్మ మంచంలో గోడ వైపు తిరిగి ఉన్నది. “బాలక్కా” అంటే తిరిగి చూసి, “ఎవలు?” అన్నది. గుర్తు పట్టలేదు. “నేను, భూమిని” అంటే, “భూమి రాలే. బాకీ ఉన్నది” అన్నది. ఇంత దూరం వచ్చి ఇదా అని నాకు నీరసం కమ్మింది. చాయ తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను.

రెండు గ్లాసులు పట్టుకొని వస్తుంటే భూమవ్వ గొంతు వినిపించింది. మంచం పట్టె పట్టుకొని, నడుము వంచి నిలబడి, మెల్లగా అడిగింది:

‘ఒడ్డు ఎంత దూరమే, ఓ అక్క?’

మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్న అత్తమ్మ ఇటు తిరగలేదు. తడుముకోలేదు. నువ్వు చూసిన ఆ ఖాళీలో సగం కూడా కాలేదు.

‘ఎనుకనే ఉన్నదే, ఓ చెల్లె.’

నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారు కదా, ఒడ్డు కనిపించదు. మడమకు తగిలినప్పుడే తెలుస్తుంది. పదకొండేళ్ళు ఆ జవాబు ఆమె నోట్లోనే ఉన్నది. అది చెప్పి, ఎంతో పనయినట్టు నిట్టూర్చి, “ఇగ కాళ్ళు కడుక్కుందాం పా భూమీ” అన్నది. ఆ రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. నేను మాత్రం అలవాటుగా నాలుగు సార్లు లేచాను.

అది రికార్డు చేయలేదు. నా రెండు చేతుల్లో చాయ ఉన్నది. మరునాడు పొద్దున ఇద్దరి చేతా మళ్ళీ పాడించి మా ఆయన ఫోనులో తీశాము, నీకు పంపుతాడు. అందులో కుక్కరు కూత కూడా పడ్డది. మొదటిసారిది మాత్రం ఎక్కడా లేదు.

అందుకని నవ్యా, నువ్వు చేయాల్సింది ఇది. మొదటి ఫైలులో కత్తిరించిన ఖాళీలు తిరిగి పెట్టు. పక్కన రెండో పాట పెట్టు. కింద ఇట్లా రాయి: ‘పాట ఎత్తుకున్నది భూమవ్వ, సిరిసిల్ల. అందుకున్నది బాలలక్ష్మి, కోరుట్ల.’ ఇదే వరుస. సర్టిఫికెట్ ఈ కవరులోనే పంపుతున్నాను, రెండు పేర్లతో మళ్ళీ ఇప్పించు. శాలువ భూమవ్వకు ఇవ్వబోతే, “సగం చింపిస్తవా కోడలా? అడ్డం చింపుతవా, నిలువు చింపుతవా?” అని ఎగతాళి చేసింది. పెట్టెలోనే ఉన్నది.

నిన్న మా ఆయన ఆమెను బస్సెక్కించి వచ్చాడు. వచ్చి వెంకటేశానికి ఫోను చేసి, “తమ్మీ, భూమి దొరికింది, బస్సెక్కి పోయింది” అన్నాడు. అవతల ఆయన ఏమనుకున్నాడో గానీ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నా చేతి రాత బాగాలేదు, నిద్ర లేదు. సర్దుకొని చదువుకో.

మీ
రాజక్క

తా.క. లెక్క తప్పితే దిద్దాలి గానీ కాగితం మార్చొద్దని మా నాయన చెప్పేవాడు. అందుకే పైన రాసింది అట్లాగే ఉంచి ఇక్కడ దిద్దుతున్నాను. జూన్‌లో నాకు తట్టిందని రాశాను. అబద్ధం. ఫిబ్రవరిలోనే తెలుసు. నువ్వు మైకు మిషను చార్జింగుకు పెట్టడానికి పక్క గదిలోకి పోయినప్పుడు, అత్తమ్మ ఆ జపాన్ ఆమెను చూపిస్తూ, “గామెకు తోడు ఉన్నది. భూమి ఎత్తుకుంటెనే గదా నేను అందుకునేది. భూమవ్వను పిలువు రాజవ్వా” అన్నది. అంత స్పష్టంగా ఆ రెండేళ్ళలో ఎన్నడూ మాట్లాడలేదు. నువ్వు తిరిగొచ్చి, “భూమి ఎవరక్కా?” అని అడిగావు. “ఎవరూ కాదమ్మా, పొలం బెంగ” అన్నాను. తర్వాత మా ఆయన మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగినా నోరు విప్పలేదు.

ఎందుకన్నానో మూడు రోజులుగా లెక్క తీస్తున్నాను. అలసిపోయి, మళ్ళీ ఇంకో రోజు ఇల్లు సర్ది ఇంకొకరికి వండలేక అని మొదట రాసుకున్నాను. అది సగమే. తొమ్మిదేళ్ళుగా అత్తమ్మ మలమూత్రాలు ఎత్తిపోసిన నా చేతులకు ఆ శాలువ ఒక్కటే కనిపించింది. అది మా ఇంటికే రావాలనుకున్నాను. ఊరి బయటి వాడ మనిషితో పంచుకోవాలనిపించలేదు. ఇదీ మిగతా సగం.

భూమవ్వకు బస్సెక్కే ముందు చెప్పాను. “ఎరుకే బిడ్డా. గా గ్లాసు గూడ ఎరుకే” అన్నది.

నోటుబుక్కులో రెండు పద్దులు రాశాను. భూమవ్వకు మా ఇంటి బాకీ: పేరు ఒకటి. అది నువ్వు అచ్చు వేసిన నాడు కొట్టేస్తాను.

బాలలక్ష్మికి భూమవ్వ బాకీ: ప్రశ్న ఒకటి. ఏడో తారీఖు, పొద్దుగూకే వేళ. చెల్లు.