తమ్ముడి పిస్తోలు ఎడమకు కొడుతుంది

తమ్ముడు బాలస్వామికి,
ఒక్క తల్లి పాలు తాగినందుకు మాత్రమే అన్న గుర్వయ్య రాయునది.

ఉమ్మడి బావి నీళ్ల కాడ మాటలు బంద్ చేసుకున్నం కాబట్టి, నాకొచ్చిన నాలుగు అక్షరాలతో రాసి మీ ఒదినె సుక్కమ్మ చేతికిస్తున్న.

ఎలక్షన్లని ఠాణాలో పెట్టిన మన పిస్తోళ్లు తిరిగిచ్చేటప్పుడు తారుమారైనయి. నేను కొన్న రకమే నువ్వూ కొంటివి. తండ్రి పేరు ఒకటే. పోలీసోడు ఏం చేస్తడు? సోమవారం ఇద్దరం కలిసి పోతే ఎస్సై మారుస్తడట.

అందాక నీదాన్ని పట్టి చూసిన. పిడికి సైకిలు ట్యూబు చుట్టినవు, గొడ్డలి కామ కంటే లావైంది. ట్రిగ్గర్‌కు వేలు అందదు, అందినా బోరింగు కొట్టినంత బలం కావాలె. పైనున్న గురి చూసే ఎర్రచుక్క అద్దం స్క్రూలన్నీ వదులు. చింత మొద్దు మీద చుక్క పెట్టి కాలిస్తే ఎడమకున్న గంప ఎగిరింది. దీనితోనా నన్ను చంపేది?

ఇట్లు,
చావని గుర్వయ్య

తా.క.: నా వల్ల ప్రాణభయమని రాసి లైసెన్సు తెచ్చుకున్నవు. నేనూ నీ పేరే రాసిన, అది వేరు. కానీ నీ గురి చూస్తే, భయపడాల్సింది నా పక్కన నిలబడ్డోడు.

*

అన్నకు బాలస్వామి దండాలు, ఒదినె ముఖం చూసి.

నీదాన్ని నేనూ చూసిన. పిడి సన్నగ చేతిలో ఒదిగింది. ట్రిగ్గర్ తుమ్మితే పేలేటట్టున్నది. చుక్క అద్దాన్ని తాపీ పని చేసినట్టు బిగించినవు, ఇసుమంత కదలదు. నాయిన సమాధికి కూడ నువ్వు ఇంత శ్రద్ధ పెట్టలేదు.

నీ తమ్ముడు

తా.క.: ఇన్నాళ్లు దాన్ని తలగడ కింద పెట్టుకున్నవట. ఒదినె బతికుండడం దేవుని దయ.

*

బాలస్వామికి,

నాదాన్ని మెచ్చుకొమ్మని నిన్నెవరూ అడగలేదు.

మన ఇంటోని చేతిలో అంత అధ్వాన్నపు సామాను ఉన్నదంటే ఊళ్లో తల ఎట్ల ఎత్తుకోవాలె? అందుకని నేనే కూర్చుని బాగు చేసిన. ట్యూబు కోసి పారేసిన. స్క్రూలు బిగించి చుక్కను నడుమకు తెచ్చిన. ఇప్పుడు మొద్దుకు నడిమిట్ల తగులుతాంది. ఇగ చంపితే పద్ధతిగ చంపు.

గుర్వయ్య

తా.క.: గంప మీ ఒదినెది. ఎలుగుబంటి తొక్కిందని చెప్పిన. నువ్వూ అదే చెప్పు.

*

అన్నా,

నీ ఉత్తరం చదివి అన్నం ముందర నుంచి లేచిన. ఆ స్క్రూలు వదులైనవి కావు, నేనే వదులు చేసిన. ట్యూబు చుట్టింది వేలు అందకుండ ఉండాలనే. నా కోపం నా కంటే ముందు నడుస్తది, నీకెరుకే. ఎంత కోపమొచ్చినా నీకు తగలకూడదని అంత చెడగొట్టి పెట్టుకున్న. దాన్ని నువ్వు బాగు చేసినవు.

ఇంకొకటి. నువ్వు నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు పోయిన నాడు నీ పశువుల కొట్టంలకు వచ్చిన. గోడ మీద మోచెయ్యి ఆనించిన నునుపు ఉన్నది. అక్కడ నీ పిస్తోలు ఆనిస్తే చుక్క పోయి బావి కాడి స్టార్టరు డబ్బా ముందర పడ్డది. పొద్దున నేను నిలబడే జాగా. అక్కడ కుండ పెట్టి కాలిస్తే నడుమకు పగిలింది.

ఆ దూరానికే సరిచేసినవా? అవునో కాదో రాయి. మోటరు వెయ్యబోతే కాళ్లు వస్తలేవు.

బాలస్వామి

తా.క.: ఎలుగుబంటి అంటే ఒదినె నమ్మలేదు. ఏ ఎలుగుబంటి అని నన్నడిగింది. పేరు చెప్పిన.

*

తమ్మీ,

అవును.

వానకాలం నుంచి ఠాణాలో పెట్టేదాక రోజూ పొద్దున నీ మీద చుక్క పెట్టిన. నువ్వేమో నాయిన లెక్కనే, గంగమ్మ కాడ చెప్పులు ఉండొద్దని, చెప్పులు విడిచి డబ్బా తెరిచేటోనివి. వట్టి కాళ్లతో కరెంటు ముట్టుకునేటోన్ని నేను చంపేదేందని రోజూ వేలు తీసిన. చెప్పులేసుకొని వచ్చి ఉంటే ఏం చేసేటోన్నో నాకే ఎరుకలేదు.

సోమవారం నువ్వు రాలేదు. నేనొక్కన్నే పోయి నీదాన్ని ఠాణాలో ఇచ్చేసిన, మళ్ల ఎవ్వరికీ ఇయ్యొద్దన్న. నాది నీ దగ్గరే ఉన్నది. గురి తప్పనిది అదే.

రేపటి నుంచి నీ చేనుకు మోటరు నేను వేస్త, నువ్వు నిలబడే జాగాలనే నిలబడి. చెప్పులు విడిచే వేస్త. కొట్టం తలుపు తీసి పెట్టిన. ఆపైన నీ ఇష్టం.

గుర్వయ్య

తా.క.: నీకు జలుబు చేసిందని సుక్కమ్మ చెప్పింది. జర ట్రిగ్గర్‌కు వేలు దూరం పెట్టుకో.