తెల్లని ఆక్సోలాటల్ పిల్లలు

దినచర్య పుస్తక మహాశయా, నమస్కారం. ఒక మనిషి పరువుకు సంబంధించిన సంగతి కనుక తేదీ, ఊరు వ్రాయడం లేదు.

మా కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో, బెంగుళూరు నుంచి గుడ్లు తెప్పించి ఆక్సోలాటళ్లను పెంచుతున్నారు. బల్లి ఆకారంతో, మెడ పక్కన ఎర్రని మొప్పలతో నీటిలోనే బ్రతికే ప్రాణులవి. తల్లిదండ్రులు నల్లనివే అయినా, పిల్లల్లో కొన్ని తెల్లగా తేలాయి. తొట్టెలు కడిగే ఖాదర్ నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలిపాడని నింద పడింది. ఉద్యోగం పోతుందేమోనని అతడు తెలుగు పంతులునైన నా వద్దకు వస్తే, ఏమీ అడగకుండానే అతని పేరిట క్షమాపణ పత్రం వ్రాసి ఇచ్చాను. అందులో ఒక్క భాషాదోషమూ లేదని మురిసిపోయాను కూడా.

ఈ సాయంత్రం అతడు పుంగనూరు బస్సు వదులుకొని మరీ వచ్చాడు.

“అయ్యోరా, గుడ్లు పంపిన బెంగుళూరు ప్రొఫెసరు జాబు రాసినాడు. ఒళ్లు తెల్లంగా, కండ్లు నల్లంగా ఉంటే అది పుట్టుకతో వచ్చిన రంగేనంట!”

“మరి నా పత్రం ఇచ్చేశావా?”

“యాడిచ్చేది సార్? సెయ్యని తప్పుకి సంతకం ఎట్ల పెడ్తా? మీరు నొచ్చుకుంటారని సెప్పలేదు.”

ఆ పత్రం అతని జేబులోనే ఉండిపోబట్టి ఉద్యోగం నిలిచింది. “నీవు చేశావా?” అని నేను ఒక్క మాట అడగలేదు.

ఎలాగూ ఈ పుస్తకం చదివే నా ఇల్లాలా, సావిత్రీ, రేపు ఖాదర్ వచ్చినప్పుడు ఈ పుటను అతనికి బిగ్గరగా చదివి వినిపించు. నేను చదవబోతే వాక్యాలు దిద్దుతూ కూర్చుంటాను.